హోటలు తిండి – తోడల్లుడి రహస్యం

ఈ శీర్షికలో రాసేవారు సాధారణంగా డాక్టర్లు. నేను డాక్టర్ని కాను. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ప్రభుత్వ ఖజానా కార్యాలయంలో బిల్లులు పాస్ చేసి రిటైరయినవాణ్ణి. నాకున్న అర్హత ఒక్కటే – హోటళ్ళలో తినడం. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు. అక్కణ్ణుంచి గాంధీనగరం దాకా, బీసెంటు రోడ్డు నుంచి బెంజి సర్కిలు దాకా ఏ హోటల్లో ఏది బాగుంటుందో, ఏ పూట బాగుంటుందో, ఏ మాస్టరు సెలవు పెడితే బాగుండదో నన్నడిగితే చెబుతాను. "ఇంత శ్రద్ధ డిపార్టుమెంటు పరీక్షల మీద పెట్టి ఉంటే ఆఫీసరుగా రిటైరయ్యేవారు" అని మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది.

జిహ్వచాపల్యం గలవాడికి ఆరోగ్యం శీర్షికలో ఏం పని అని మీరడగవచ్చు. పని ఉంది. ఒక ఆదివారం ఉదయం, పెసరట్టు కోసం ఎదురుచూస్తూ, నేను దాదాపు ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. ఆ మనిషి నాకు పరాయివాడు కాడు. సాక్షాత్తు మా తోడల్లుడు. ఆ సంగతి రాస్తే, మీ ఇళ్ళలో ఏ ఒక్కరికైనా పనికివస్తుందని మా డాక్టరుగారు అన్నారు. వైద్యానికి సంబంధించిన విషయాలన్నీ ఆయనకు చదివి వినిపించి, దిద్దించుకున్నాకే రాస్తున్నాను. రుచుల గురించిన అభిప్రాయాలు మాత్రం నా సొంతం. వాటికి ఆయన బాధ్యులు కారు.

ఆదివారం అలవాటు

మా తోడల్లుడు నాకంటే ఆరేళ్ళు చిన్న. మా ఆవిడ చెల్లెలి భర్త. నన్ను "అన్నయ్యగారూ" అని పిలుస్తాడు. ఊరు మారి విజయవాడ వచ్చిన కొత్తలో అతనికి హోటళ్ళు చూపించింది నేనే. ఇడ్లీ మీద వెన్నముద్ద కరిగేలోగా తినాలనీ, అల్లం పచ్చడి విడిగా అడిగి పెట్టించుకోవాలనీ, కాఫీ చివర కాదు, మధ్యలో చెప్పాలనీ నేర్పాను. అప్పటినుంచీ ఆదివారం పొద్దున్న టిఫిను ఇద్దరమూ కలిసి బయటే. ఎండ గాని, వాన గాని, కృష్ణకు వరద గాని, ఆ అలవాటు తప్పలేదు. ఇరవై ఏళ్ళకు పైమాట.

తినడంలో నాకొక దుర్గుణం ఉండేది. నేను తినడంతో ఊరుకోను. ఎదుటివాడు కూడా తినాలి. "ఇంకో వడ వేయించుకోవోయ్", "అంతేనా, ఆ మాత్రానికి హోటలుకు రావడం దేనికి" – ఇవి నా ఊతపదాలు. పథ్యం ఉన్నవాళ్ళంటే నాకు చులకన. 2007లో ఒక పెళ్ళిలో మా బంధువు ఒకాయన జాంగ్రీ వద్దన్నాడు. చక్కెర వ్యాధి అట. "మరి విస్తరి ముందు కూర్చోవడం దేనికండీ, ఆస్పత్రి మంచం వేయించమంటారా?" అన్నాను. పంక్తి అంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, పాపం. నా పక్కన కూర్చున్న మా తోడల్లుడు కూడా నవ్వాడు. ఆ నవ్వు ఖరీదు ఎంతో నాకు పన్నెండేళ్ళ తర్వాత తెలిసింది.

2019 మే నెలలో ఆ రోజు

ఆ ఆదివారం మేము బయలుదేరడమే ఆలస్యమయింది. కారణం నేనే. దారిలో పాత స్నేహితుడు కనిపిస్తే నిలబడి మాట్లాడాను. హోటలు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. పెళ్ళిళ్ళ రోజులు. ఒక్క బల్ల ఖాళీ లేదు. కూర్చున్నవాళ్ళ వెనక నిలబడినవాళ్ళు, వాళ్ళ వెనక మేము.

"అన్నయ్యగారూ, పక్క హోటల్లో ఖాళీగా ఉంది. అక్కడ కూర్చుందామా?" అన్నాడు.

"అక్కడ పెసరట్టు తోలులా ఉంటుంది. పది నిమిషాలు ఆగు" అన్నాను.

పది నిమిషాలయ్యాక మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత మరోసారి. మూడుసార్లూ నేనే వద్దన్నాను. నాలుక పరువు అటువంటిది! చివరికి తొమ్మిదీ పదికి బల్ల దొరికింది. రెండు పెసరట్టు ఉప్మా చెప్పాను. పెనం మీద ముందు వరసలో ఇంకెన్నో అట్లు. "రెండిడ్లీ ముందు తెప్పించండి" అన్నాడు మా తోడల్లుడు. "ఇడ్లీతో ఆకలి చంపుకుంటావా?" అన్నాను.

ఇంతలో అతను సర్వరు మీద కేకలేశాడు. అతనిది మెత్తని స్వభావం. ఇరవై ఏళ్ళలో ఎవరినీ గట్టిగా మాట అనగా నేను వినలేదు. "ఏమయ్యా, ఒక్క అట్టుకి అంత కోపమా?" అని నేనే మందలించాను. అతని చొక్కా తడిసి వంటికి అతుక్కుపోయింది. మే నెల గదా, ఉక్క అనుకున్నాను. మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణికి బల్ల మీద ఒలికింది. తర్వాత నా వంక చూశాడు. చూశాడే గాని నన్ను గుర్తుపట్టినట్టు లేదు. మాట ముద్దగా వచ్చింది. పక్కకు ఒరిగిపోయాడు.

జనం మూగారు. "ఫిట్సు, తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టండి" అన్నారొకరు. ఎవరో పెట్టారు కూడా. "గుండెపోటు" అన్నారు మరొకరు. "పొద్దున్నే మందు కొట్టినట్టున్నాడు" అని వెనకనుంచి ఒక గొంతు. నేను నిలువునా కొయ్యబారిపోయాను.

అప్పుడు వచ్చాడు, ఆ హోటల్లో చిరకాలంగా పనిచేస్తున్న ఒక పెద్ద సర్వరు. మా తోడల్లుడి నుదురు ముట్టుకుని, చెమట చూసి, నన్నడిగాడు:

"ఏవండీ, ఈయనకి షుగరు ఉందా?"

"లేదు" అన్నాను. అంతటితో ఆగలేదు. "ఇరవై ఏళ్ళుగా నాతో కూర్చుని తింటున్నాడు. నాకు తెలియదా?" అన్నాను.

ఆయన నా మొహం ఒక్క క్షణం చూశాడు. వాదించలేదు. కాఫీ కౌంటరుకు వెళ్ళి గ్లాసులో మూడు చెంచాల పంచదార, కొంచెం గోరువెచ్చని నీళ్ళు పోసి కలిపి తెచ్చాడు. "బాబుగారూ, మింగగలరా?" అని అడిగాడు. మా తోడల్లుడు తల ఊపాడు. అప్పుడే కొంచెం కొంచెంగా తాగించాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంట నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళ ఉద్యోగంలో చూసిన ఏ ఆడిట్ కన్నా పెద్దది. నెమ్మదిగా అతని కళ్ళలోకి మనిషి తిరిగి వచ్చాడు. చేతిలో తాళంచెవులు చూసుకుని "ఇవెవరివి?" అన్నాడు. సర్వరు అడక్కుండానే రెండిడ్లీ పెట్టి "ఇవి తినండి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది" అన్నాడు. ఆయన తల్లికి ఇరవై ఏళ్ళుగా ఆ జబ్బు ఉన్నదట. ఇంట్లో చూసి నేర్చుకున్న వైద్యం అది.

రహస్యం

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో చెప్పాడు. 2008 నుంచీ అతనికి చక్కెర వ్యాధి. పదకొండేళ్ళు! చివరి రెండేళ్ళూ ఇన్సులిన్ ఇంజక్షన్ కూడా. ఆదివారం పొద్దున్న ఏడున్నరకు ఇంట్లో ఇంజక్షన్ చేసుకుని నాతో వచ్చేవాడు. మామూలుగా ఎనిమిదికల్లా తినేవాళ్ళం కాబట్టి ఎప్పుడూ బయటపడలేదు. ఆ రోజు తిండి తొమ్మిదిన్నర దాకా రాలేదు. వాళ్ళావిడకు తెలుసు. అక్కకు చెప్పనని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పెళ్ళిలో జాంగ్రీ వద్దన్నాయన్ని మీరు అన్న మాట గుర్తుందా అన్నయ్యగారూ? నాకు జబ్బుందని తెలిసింది ఆ మరుసటి ఏడే. నన్నూ అలా అంటారని చెప్పలేదు. తర్వాత, చెబితే ఆదివారాలు పోతాయని చెప్పలేదు" అన్నాడు.

పాఠకులారా, నాకు ఏ డాక్టరూ వేయని చురక అది. పదకొండేళ్ళు అతని చేత నేను ఎన్ని వడలు, ఎన్ని బొబ్బట్లు, ఎన్ని కాఫీలు బలవంతాన తినిపించి, తాగించి ఉంటానో లెక్క వేసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డాక్టరుగారు చెప్పింది

మర్నాడు ఇద్దరమూ కలిసి వెళ్ళాము. డాక్టరుగారు చెప్పినవి మీకూ చెబుతాను. రక్తంలో చక్కెర ఎక్కువ కావడం నెమ్మదిగా, ఏళ్ళ తరబడి మనిషిని తింటుంది. తక్కువ కావడం నిమిషాల మీద పడేస్తుంది. డెసిలీటరు రక్తంలో 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జాగ్రత్త పడవలసిందే. చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, అకారణంగా చిరాకు, మాట తడబడటం, తికమక – ఇవి గుర్తులు. మా తోడల్లుడు సర్వరు మీద వేసిన కేక కూడా జబ్బు గుర్తే, కోపం కాదు.

ఇది అందరికీ రాదు. ఇన్సులిన్ తీసుకునేవారికీ, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికీ, తిండి ఆలస్యమైనా, తక్కువ తిన్నా, ఎక్కువ నడిచినా వచ్చే ప్రమాదముంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవారికి ఈ భయం చాలా తక్కువ. మీరు వేసుకునే మాత్ర ఏ జాతిదో మీ డాక్టరును అడిగి తెలుసుకోవడం మంచిది.

మనిషి స్పృహలో ఉండి, మింగగలిగితే 15 గ్రాముల చక్కెర – అంటే సుమారు మూడు చెంచాలు – నీళ్ళలో కలిపి ఇవ్వాలి. గ్లూకోజు పొడి, పళ్ళరసం అయినా సరే. పావుగంట ఆగి చూడాలి. తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక ఏదో ఒకటి తినిపించాలి. ఇన్సులినూ, పైన చెప్పిన మాత్రలూ గంటల తరబడి పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి మళ్ళీ పడిపోవచ్చు. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. తీపి గదా అని లడ్డూయో జాంగ్రీయో పెట్టకండి. నెయ్యీ నూనే ఉన్న మిఠాయిలోని చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయరాదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయడమే. తాళంచెవులు తలుపులకు పనికివస్తాయి గాని దీనికి పనికిరావు.

వచ్చినవాణ్ణి వచ్చినట్టు వదలక డాక్టరుగారు నా చేతికీ పట్టీ చుట్టారు. 160 మీద 100! రక్తపోటు నాకు ఎన్నాళ్ళనుంచి ఉన్నదో ఆ భగవంతుడికే తెలియాలి. "ఇక హోటళ్ళు మానేయాలాండీ?" అని అడిగాను, ఉరిశిక్ష వినే ముద్దాయిలా.

"మానేయమనను. మానేయమంటే మీరు నాకు చెప్పకుండా వెళతారు. ఈయన మీకు చెప్పకుండా ఇంజక్షన్ చేసుకున్నట్టే. వెళ్ళండి. కాని ఇన్నాళ్ళూ నాలుకతో వెళ్ళారు. ఇకనుంచి కళ్ళు కూడా తీసుకువెళ్ళండి" అన్నారు.

కళ్ళు తీసుకువెళితే కనిపించినవి

అప్పటినుంచీ నేను హోటళ్ళను కొత్తగా చూడటం మొదలుపెట్టాను. ఇప్పటికి నాకు ఏర్పడిన అభిప్రాయాలు కొన్ని చెబుతాను.

ఇడ్లీని నమ్మవచ్చు, చట్నీని పరీక్షించాలి. ఇడ్లీ ఆవిరిలో ఉడికి, పొగలు కక్కుతూ వస్తుంది. దాన్లో క్రిములు బతకవు. కొబ్బరి చట్నీ ఉడికేది కాదు. దానిలో కలిసిన నీళ్ళు ఎటువంటివో, ఎప్పుడు రుబ్బారో మనకు తెలియదు. ఎండాకాలంలో పొద్దున్న రుబ్బిన చట్నీ మధ్యాహ్నం దాకా బయట ఉంటే పులుస్తుంది. ముందు వాసన చూసి, వేలితో నాలుకకు రాసి చూస్తాను. ఏమాత్రం పుల్లగా తోచినా పక్కన పెట్టి కారప్పొడి అడుగుతాను. సాంబారు పొగలు రావాలి. గోరువెచ్చని సాంబారు వద్దు. వేడి వస్తువు వేడిగానే, చల్లని వస్తువు చల్లగానే ఉండాలి. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య, అంటే మన ఊరి గాలి వేడిలో, క్రిములు పండగ చేసుకుంటాయి. వండిన అన్నం కూడా అంతే. గంటల తరబడి బయట ఉంచిన అన్నంలో కొన్ని క్రిములు విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రాత్రి పదింటికి బండి మీద వేయించి ఇచ్చే అన్నం ఎప్పుడు వండినదో అడిగే హక్కు మనకుంది.

రద్దీ హోటలు ఒక విధంగా మేలు. సరుకు నిలవ ఉండదు. కాని షుగరువారికి రద్దీయే శత్రువు, మా అనుభవం చెప్పాను గదా. అందుకని మేమిప్పుడు ఏడున్నరకే వెళుతున్నాము. ఆ వేళకు పెనం కొత్త, నూనె కొత్త, సర్వరు మొహం కూడా కొత్త!

నూనె సంగతి పెద్దది. గ్రాము కొవ్వు తొమ్మిది కేలరీలు. పిండి పదార్థమైతే నాలుగే. అందుకే రెండు పూరీల బరువు, నాలుగిడ్లీల బరువు తక్కెట్లో వేరు, ఒంట్లో వేరు. అంతకన్నా ముఖ్యం, ఆ నూనె ఎన్నిసార్లు కాగింది అన్నది. పదే పదే కాగిన నూనె నల్లబడుతుంది, చిక్కబడుతుంది, నురుగు కడుతుంది, పొయ్యి మీద పెట్టగానే పొగ వస్తుంది. ఇలా చెడిన నూనెలో ఏర్పడే పదార్థాలు వందకు 25 పాళ్ళు మించితే వాడరాదని మన దేశంలో 2018 జూలై నుంచి నిబంధన ఉంది. డాల్డా వంటి వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు ఇంకా చెడ్డది. మంచి కొలెస్టరాలును తగ్గించి, చెడ్డదాన్ని పెంచుతుంది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో దాన్ని వందకు రెండు పాళ్ళకు మించనివ్వరాదన్నారు. చట్టం చట్టమే. నేను మాత్రం బాణలి కనిపించే హోటల్లోనే పునుగులు తింటాను. బాణలిలో నూనె అడుగు కనిపించకపోతే, పునుగులు నాకు కనిపించనట్టు వచ్చేస్తాను.

పెసరట్టు విషయంలో నాకు పశ్చాత్తాపం లేదు. పెసలలో అయిదో వంతుకు పైగా మాంసకృత్తులు. పొట్టు తీయకుండా రుబ్బుతారు కాబట్టి పీచు కూడా ఉంటుంది. రవ్వ దోసె కన్నా, పూరీ కన్నా చక్కెర వ్యాధివారికి ఎంతో నయం. కాని పెసరట్టే ఒక టిఫిను, లోపలి ఉప్మా మరో టిఫిను! ఒకటి తిన్నామనుకుని రెండు తింటున్నాము. ఇప్పుడు మా తోడల్లుడు ఉప్మా లేకుండా తీసుకుంటాడు. నేను ఒక్క ఉప్మా పెసరట్టు ఇద్దరికీ అని చెప్పి, ఉప్మా నావైపు లాక్కుంటాను. ఆవిరి మీద ఉడికింది గదా అని ఇడ్లీలు ఎన్నయినా తినవచ్చుననుకునేవారున్నారు. ఇడ్లీలోనూ ఉన్నది చాలావరకు బియ్యపురవ్వే. రెండింటితో ఆపి, పప్పు ఎక్కువగా ఉన్న సాంబారు కలుపుకోవాలి.

ఉప్పు నా పాలిటి శత్రువు. రోజంతటికీ మనిషికి 5 గ్రాములలోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన ఆంధ్ర భోజన హోటల్లో విస్తరి ఒకసారి చూడండి. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అప్పడం, ఊరమిరపకాయ, పప్పు, పులుసు, మజ్జిగలో మళ్ళీ ఉప్పు. ఒక్క పూటలోనే రోజు కోటా దాటిపోతుంది. నేనిప్పుడు విస్తరిలో ఒకే ఉప్పు వస్తువును పెట్టించుకుంటాను. గోంగూర ఉంటే ఆవకాయ లేదు, ఆవకాయ ఉంటే అప్పడం లేదు. పెరుగులో ఉప్పు వేసుకోను. మొదటి నెల నాలుక ఏడ్చింది. మూడో నెలకు ఊరుకుంది. ఇప్పుడు పాత లెక్కన ఉప్పు వేస్తే నాకే కటువుగా తోస్తున్నది. మాత్ర రోజూ వేసుకుంటున్నాను. ఉప్పు తగ్గించాను గదా అని మాత్ర మానలేదు. మీరూ మానకండి.

కుర్రకారు తినే ఫాస్ట్‌ఫుడ్ బండ్ల గురించి ఒక మాట. అందరూ అజినోమోటోను తిడతారు. దానిలోని సోడియం, ఉప్పులో ఉన్నదానిలో మూడో వంతే. అసలు దోషం సోయా సాసులోనూ, పైన చల్లే ఉప్పులోనూ, ఎర్రరంగులోనూ ఉంది. కాలీఫ్లవరు మంచూరియాలో తినరాని రంగులు కలుపుతున్నారని 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం అటువంటి రంగుల వాడకాన్ని నిషేధించింది. చేతికి అంటి కడిగినా పోని ఎరుపు, పేగులకు మాత్రం మంచిదవుతుందా?

ఇక పార్సిలు. మరిగే సాంబారును పల్చని ప్లాస్టిక్ సంచిలో పోసి ముడివేసి ఇస్తారు. వేడి వేడి బజ్జీలను వార్తాపత్రికలో చుడతారు. అచ్చు సిరా తిండికి అంటుతుందని, కాగితంలో చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. పత్రిక చదువుకోవడానికి. మా ఇంట్లో అటక మీదనుంచి దింపిన పాత స్టీలు క్యారియరు మళ్ళీ ఉద్యోగంలో చేరింది.

"ఎంత తిన్నా ఒకటే ధర" అనే బఫే భోజనాల మీద నాకు సదభిప్రాయం లేదు. అక్కడ మనిషి ఆకలితో తినడు, లెక్కతో తింటాడు. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుందంటారు. కబురు చేరేలోగా మనం మూడోసారి వరసలో నిలబడి ఉంటాము.

అన్నిటికన్నా పెద్ద అభిప్రాయం

ఇన్ని చెప్పాను గాని, హోటలు తిండిలో అన్నిటికన్నా హాని చేసే వస్తువు వంటగదిలో తయారుకాదు. బల్ల దగ్గర మనమే తయారుచేస్తాము. దాని పేరు బలవంతం. దాని తోబుట్టువు మొహమాటం. "ఒక్కటే గదా", "ఒక్క రోజుకేమవుతుంది", "నామీద ఒట్టే" – ఈ మాటలతో మనం పెట్టే తిండి ప్రేమ అనుకుంటాము. తినేవాడికి జబ్బు చెప్పుకునే ధైర్యం లేకుండా చేసే ప్రేమ, ప్రేమ కాదు. వద్దన్నవారిని ఎందుకని అడక్కండి. వద్దంటే సరేననండి. ఎగతాళి అసలే వద్దు. ఒక పంక్తిలో నవ్విన నవ్వు, పక్కన ఉన్న మరొకడి నోరు పదకొండేళ్ళు మూయించగలదు. ఆ పెళ్ళిలో జాంగ్రీ వద్దన్న పెద్దమనిషి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆయనకు ఆ సంగతే గుర్తులేదట. గుర్తులేదన్నాడు గాని, జాంగ్రీయా అని వెంటనే అన్నాడు.

జబ్బు ఉన్నవారికీ ఒక మాట. దాచకండి. చక్కెర వ్యాధి దొంగతనం కాదు. మీతో కలిసి తినేవారిలో ఒక్కరికైనా మీ మందు పేరు, దాని వేళ తెలియాలి. "ఇతనికి షుగరు ఉందా" అని ఎవరైనా అడిగినప్పుడు, మీ పక్కవాడు నాలాగా గట్టిగా "లేదు" అనకూడదు. ఆ సర్వరు నా మాట విని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బయటికి వెళ్ళేటప్పుడు చొక్కా జేబులో గ్లూకోజు పొట్లం, ఏ మందు వాడుతున్నారో రాసిన చీటీ ఉంచుకోండి. ఇంజక్షన్ తిండికి ఎంత ముందు చేసుకోవాలన్నది ఇన్సులిన్ రకాన్నిబట్టి మారుతుంది. అరగంట ముందు చేసుకోవలసినవి ఉన్నాయి, భోజనం ఎదురుగా వచ్చాక చేసుకోదగినవీ ఉన్నాయి. హోటలు అలవాటు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి, తగినది రాయించుకోవాలి. సొంతంగా మాత్రం మార్చుకోకూడదు. మా తోడల్లుడికి డాక్టరుగారు అలాగే మార్చారు.

మా ఆదివారాలు పోలేదు. మధ్యలో 2020లో కరోనా వచ్చి హోటళ్ళు మూతపడినప్పుడు మాత్రం మా ఆవిడ చేతి పెసరట్టే తిన్నాము. అది ఏ హోటలు అట్టుకూ తీసిపోదు. ఈ మాట అచ్చులో ఉండాలని ఆమె కోరిక. ఇప్పుడు మళ్ళీ వెళుతున్నాము. బల్ల మీదికి అట్టు వచ్చాకనే మా తోడల్లుడు జేబులోనుంచి కలంలాంటి ఇన్సులిన్ పరికరం తీసి, నలుగురి ఎదుటా, దాపరికం లేకుండా చేసుకుంటాడు. పక్క బల్ల పిల్లలు వింతగా చూస్తారు. పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు "ఎన్నేళ్ళనుంచండీ?" అని అడుగుతారు. మొన్న ఒకాయన అలా అడిగి, తనకూ ఉందనీ, ఇంట్లో ఇంకా చెప్పలేదనీ అన్నాడు. అట్టు చల్లారిపోతున్నా మా తోడల్లుడు ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఈసారి నేను తొందరపెట్టలేదు.

అన్నట్టు, గ్లూకోజు పొట్లం నా చొక్కా జేబులోనూ ఒకటి ఉంటుంది. నాకు షుగరు లేదు. తోడల్లుడు ఉన్నాడు.